గిటార్ తీగ తెగిందా? ముందు తెగిన కొస చూడండి

తెగిన తీగను చుట్ట చుట్టి పారేసే ముందు ఒక్క నిమిషం ఆగి, అది ఎక్కడ తెగిందో చూడండి. గిటార్ తీగ నట్టనడుమ తెగడం అరుదు. బాగా తుప్పు పట్టి, ఫ్రెట్‌ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) మీద నొక్కినచోటల్లా నొక్కులు పడినప్పుడు తప్ప అలా జరగదు. మామూలుగా తెగేది ఏదో ఒక కొస దగ్గరే: బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు బిగించే చెక్క) మీది శాడిల్ దగ్గర, నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర, పెగ్ (తీగ బిగించే మర) రంధ్రం దగ్గర, లేదంటే బాల్ ఎండ్ (తీగ కొసనున్న చిన్న లోహపు గుండు) పక్కన మెలి వేసిన చోట. ఒకే తీగ ఒకే చోట రెండోసారి తెగిందంటే తప్పు తీగది కాదు, గిటార్‌ది. ఆ తప్పు సరిచేయకుండా ఎంత ఖరీదైన తీగ వేసినా దానికీ అదే గతి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్ గురించి. అంటే బ్రిడ్జి మీద ఆరు చిన్న పిన్‌లు గుచ్చి ఉండే రకం. నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది అదే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కూ ఎలక్ట్రిక్‌కూ పద్ధతి ఎక్కడ మారుతుందో చివర్లో ఉంది.

తెగిన చోటును బట్టి

శాడిల్ అంటే బ్రిడ్జి మీద నిలబెట్టిన తెల్లటి పట్టీ. తీగ దాని మీదికి వచ్చి, ఒక్కసారిగా కిందికి వంగి పిన్ రంధ్రంలోకి దిగుతుంది. ఆ వంపు దగ్గర శాడిల్ అంచు పదునుగా ఉన్నా, పాత తీగ కోసిన గాడి లోతుగా పడినా, స్ట్రమ్ చేసిన (తీగలన్నీ ఒక ఊపులో మీటిన) ప్రతిసారీ తీగ అక్కడ రాసుకుని నలుగుతుంది. గోటితో తడిమితే గరుకు తెలుస్తుంది. 600 నంబరు వాటర్ పేపర్‌ను (సన్న గరుకు కాగితాన్ని) సన్నగా మడిచి ఆ అంచు మీద మూడు నాలుగు సార్లు రుద్దితే చాలు. పదును పోవాలి కానీ ఎత్తు తగ్గకూడదు. అత్యుత్సాహంతో అరగదీస్తే తీగలు ఫ్రెట్‌లకు తగిలి జుయ్‌మంటాయి.

నట్ దగ్గర తెగితే గాడి ఇరుకైందని అర్థం. పెగ్ తిప్పుతుంటే నట్ దగ్గర ‘టిక్’మని చప్పుడొచ్చి, శ్రుతి ఒక్కసారిగా గెంతుతుంటే అదే గుర్తు. తీగ గాడిలో ఇరుక్కుంటోంది, బిగువు పెరిగాక ఒక్కసారి జారుతోంది. మెత్తటి పెన్సిల్ (2బి కానీ 4బి కానీ) మొనతో గాడిలో నాలుగుసార్లు గీస్తే ఆ పొడి కందెనలా పనిచేస్తుంది. అంతకుముందు వాడిన సెట్టు కంటే లావు తీగలు వేసినప్పుడు మాత్రం పెన్సిల్ చాలదు, గాడిని వెడల్పు చేయించాలి. అది నట్ ఆకురాళ్లతో చేసే పని. ఇంట్లో ఉన్న ఆకురాయితో మొదలుపెడితే చివరికి నట్ మార్చుకోవాల్సి వస్తుంది.

పెగ్ దగ్గర తెగితే రంధ్రం అంచులో లోహపు ముల్లు మిగిలి ఉండొచ్చు. దీనికి ఒక చవక ఉపాయం ఉంది. పాత లావు తీగ ముక్కను ఆ రంధ్రంలో దూర్చి ఇటూ అటూ లాగండి. దాని మీది చుట్టలే సన్నటి ఆకురాయిలా పనిచేసి అంచును నున్నగా చేస్తాయి.

బాల్ ఎండ్ దగ్గర తెగడానికి రెండు కారణాలు. తీగ తయారీలోనే మెలి సరిగా పడకపోవడం ఒకటి. బ్రిడ్జి కింది చెక్క పలక అరిగిపోయి బాల్ ఎండ్ పైకి లేవడం, దాంతో మెలి వేసిన రెండు పేటల భాగం శాడిల్ మీదికి రావడం రెండోది. ఆ మెలి శాడిల్ మీద కనిపిస్తుంటే గిటార్‌ను బాగుచేసేవాళ్లకు చూపించండి.

ఇక ఏ తీగ తెగిందనేది కూడా ఎంతో కొంత చెబుతుంది. అకౌస్టిక్‌లో మూడో తీగ (అన్నిటికంటే సన్నదాన్ని ఒకటిగా లెక్కిస్తే) తరచూ తెగుతుంది. చూడ్డానికి లావుగా ఉంటుంది కానీ, పైన చుట్టిన బ్రాంజ్ పోగా లోపలి స్టీలు తీగ చాలా సన్నం. బిగువంతా మోసేది ఆ లోపలిదే.

మొదటి తీగ కొత్తగా వేస్తుండగానే ఠప్పున తెగిందంటే మాత్రం చాలాసార్లు తప్పు ట్యూనర్ చదవడంలో ఉంటుంది. ఫోన్‌లోని కొన్ని యాప్‌లు ‘ఈ’ అని అక్షరం మాత్రమే చూపిస్తాయి, ఏ స్థాయి ‘ఈ’ అన్నది చూపవు. వదులుగా ఉన్న తీగను సరైన శ్రుతి దాటించి, పైనున్న ‘ఈ’ కోసం బిగిస్తూ పోతే అది అందేది కాదు. స్థాయి ఒకటి పెరగాలంటే బిగువు 4 రెట్లు కావాలి. ఏ తీగా అంత ఓర్చుకోదు. అందుకే అక్షరంతో పాటు హెర్ట్జ్ అంకె చూపే ట్యూనర్ వాడండి. ఆరో తీగ ఈ 82, ఐదోది ఏ 110, నాలుగోది డి 147, మూడోది జి 196, రెండోది బి 247, మొదటిది ఈ 330. ఈ ఆరు అంకెలు గిటార్ సంచి మూత లోపల రాసి అతికించుకోండి.

లావు తీగ వేస్తే తెగదు అనుకోవడం కూడా పొరపాటే. తీగ లావైతే ఓర్చుకునే బలం పెరుగుతుంది. కానీ అదే శ్రుతికి రావడానికి కావలసిన బిగువు కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. కాబట్టి ఒకే పొడవున్న నున్నటి స్టీలు తీగ సన్నదైనా లావుదైనా ఇంచుమించు ఒకే శ్రుతి దగ్గర తెగుతుంది. పాడేవాళ్లది ఒకటిన్నర శ్రుతి అనో రెండున్నర శ్రుతి అనో తీగలన్నీ ఎక్కించి బిగించేవాళ్లకు ఇది ముఖ్యం. అర శ్రుతి పెంచితే బిగువు 12 శాతం పెరుగుతుంది, ఒక శ్రుతి పెంచితే 26 శాతం. తీగలు మామూలు శ్రుతిలోనే ఉంచి కేపో (మెడ మీద ఒకచోట తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకోండి.

తెగకపోయినా మార్చాల్సిందెప్పుడు

తీగ రంగు నల్లబడడం, ఆకుపచ్చ చిలుము పట్టడం, వేలు జరిపితే గరుగ్గా తగలడం పైకి కనిపించే గుర్తులు. అంతకంటే నమ్మకమైనది, తీగ అడుగున వేలు పెట్టి ఒకటో ఫ్రెట్ నుంచి ఐదో ఫ్రెట్ దాకా జరపడం. నొక్కులు తగిలితే దాని పని అయిపోయింది. చుట్టల సందుల్లో చెమట, చర్మం పొట్టు చేరి తీగ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అప్పుడు విడి తీగ శ్రుతిలో ఉన్నా, పై ఫ్రెట్‌లలో నొక్కిన స్వరం కలవదు. గిటార్ పాడైందని బెంగపడేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త సెట్టు మాత్రమే.

రోజుకు గంట వాయించేవాళ్లు రెండు మూడు నెలలకోసారి మార్చుకుంటే బాగుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, చెమట ఎక్కువ పట్టే చేతులవాళ్లకు, నెలన్నరకే తీగ మాట, అంటే నాదం, మొద్దుబారిపోతుంది. వాయించాక పొడిబట్టతో ప్రతి తీగనూ పైనా కిందా రెండు వేళ్ల మధ్య పట్టి తుడిస్తే దాని ఆయుష్షు కంటికి కనిపించేంతగా పెరుగుతుంది. నలభై సెకన్ల పని, కానీ చేసేవాళ్లు తక్కువ.

ఒక్కటే తెగినప్పుడు ఆ ఒక్కటే మార్చాలా? సెట్టు వేసి రెండు మూడు వారాలే అయితే ఒక్కటి చాలు. రెండు నెలలు దాటితే ఆరూ మార్చండి. లేకపోతే మొద్దు గొంతుల మధ్య ఒక్కటి ఖంగుమంటూ వింతగా వినిపిస్తుంది.

ఏ సెట్టు కొనాలి

ప్యాకెట్ మీద కనిపించే 0.010, 0.011, 0.012 అనేవి మొదటి తీగ లావు, అంగుళాల్లో. దుకాణంలో ‘పది సెట్టు’, ‘పన్నెండు సెట్టు’ అంటే ఇదే. ‘లైట్’ అని పిలిచే పన్నెండు సెట్టులో తీగలు వరసగా 0.012, 0.016, 0.024, 0.032, 0.042, 0.053 ఉంటాయి. శ్రుతిలోకి తెచ్చాక ఈ ఆరూ కలిసి గిటార్‌ను లాగే బలం సుమారు 73 కిలోలు. ఒక మనిషి బ్రిడ్జికి వేలాడుతున్నట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, వేళ్లు ఇంకా కాయలు కాయనివాళ్లకు, పాతబడిన చవక గిటార్లకు పది లేదా పదకొండు సెట్టు నయం. గిటార్‌కు మొదట ఏ సెట్టు వచ్చిందో అదే కొనడం అన్నిటికంటే సురక్షితం, ఎందుకంటే మెడ వంపు దానికి తగ్గట్టు సరిచేసి ఉంటుంది.

‘80/20 బ్రాంజ్’ అని రాసి ఉండే తీగల మీది చుట్ట 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. అంటే పేరుకు కంచు, నిజానికి ఇత్తడి. కొత్తలో మాట తళతళలాడుతుంది, తొందరగా తగ్గుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగి, 8 శాతం దాకా తగరం, కాస్తంత ఫాస్ఫరస్ ఉంటాయి. 1974లో డాడారియో కంపెనీ గిటార్ తీగలకు తెచ్చిన లోహం ఇది. మాట కాస్త గుండ్రంగా ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. పలచటి పొర పూసిన తీగలకు ధర ఎక్కువ, కానీ కోస్తాలో ఉండేవాళ్లకు ఆ డబ్బు వృథా కాదు. పేరున్న బ్రాండ్లకు నకిలీ ప్యాకెట్లు తిరుగుతుంటాయి. ప్యాకెట్ మీద అచ్చు మసగ్గా ఉన్నా, ధర మరీ తక్కువైనా అనుమానించండి.

సెట్టుతో పాటు మొదటి తీగ, రెండో తీగ విడిగా చెరో రెండు కొని సంచిలో పడేసుకోండి.

కావలసిన సామాను

కటింగ్ ప్లయర్, మెత్తటి పొడిబట్ట, ట్యూనర్, పెన్సిల్. వీటికి తోడు స్ట్రింగ్ వైండర్ (పెగ్‌ను గబగబా తిప్పే పిడి) ఒకటి. అది లేకపోయినా పని జరుగుతుంది, కానీ చెయ్యి నొస్తుంది. వీణ బిరడలా కాకుండా గిటార్ పెగ్‌కు గేరు ఉంటుంది. సాధారణంగా 14 లేదా 18 సార్లు తిప్పితే పెగ్ స్తంభం ఒక్కసారి తిరుగుతుంది. తీగకు రెండున్నర చుట్లంటే 35 నుంచి 45 తిప్పులు, అలా ఆరు తీగలు. వైండర్ కొసనున్న గాడి బ్రిడ్జి పిన్ ఊడదీయడానికి కూడా పనికొస్తుంది.

గిటార్‌ను మంచం మీదో, దుప్పటి పరిచిన బల్ల మీదో పడుకోబెట్టి, మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకోండి. తెగిన తీగ కొస ముఖం వైపే దూసుకొస్తుంది.

పాత తీగలు తీయడం

బిగువు మీద ఉన్న తీగను కత్తిరించకండి. ముందు పెగ్‌ను వదులు చేసి, తీగ పూర్తిగా వేలాడాక అప్పుడు కత్తిరించండి. ఆరూ ఒకేసారి తీయాలా, ఒక్కొక్కటే మార్చాలా అన్నది ఎప్పటి నుంచో ఉన్న వాదం. పిన్‌ల అకౌస్టిక్‌లో ఆరూ తీసి గంటసేపు ఉంచినా ఏమీ కాదు, ఫ్రెట్‌బోర్డ్ శుభ్రం చేసుకోవడానికి అదే వీలు. తీగలు లేకుండా వారాల తరబడి మాత్రం వదిలేయకండి. అతికించని బ్రిడ్జి, అంటే తీగల ఒత్తిడి మీదే నిలబడే బ్రిడ్జి ఉన్న గిటార్లకు ఒక్కొక్కటే మార్చాలి. లేకపోతే బ్రిడ్జి కదిలి, దాన్ని మళ్లీ సరైన చోట నిలపడం పెద్ద పని అవుతుంది.

పిన్ రాకపోతే ప్లయర్‌తో పట్టి పీకకండి, తల విరుగుతుంది. తీగను రెండంగుళాలు రంధ్రంలోకి తోస్తే బాల్ ఎండ్ కిందికి జారి పిన్ వదులవుతుంది. అప్పటికీ రాకపోతే సౌండ్ హోల్‌లోంచి చెయ్యి పెట్టి, పిన్ అడుగును చిన్న నాణెంతో పైకి నెట్టండి. ఏ పిన్ ఏ రంధ్రానిదో అదే వరుసలో పక్కన పెట్టుకోండి. అన్నీ ఒకేలా కనిపించినా ఒక్కోటి ఒక్కో రంధ్రానికి అలవాటు పడి ఉంటుంది.

తీగలు లేనప్పుడు ఫ్రెట్‌బోర్డ్ తుడవడం మరిచిపోకండి. ఫ్రెట్‌ల పక్కన పేరుకున్న మురికిని పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే గీకి తీయండి. రోజ్‌వుడ్ బోర్డు పొడిబారి తెల్లబడితే ఫ్రెట్‌బోర్డ్‌ల కోసమే అమ్మే నూనె నాలుగైదు చుక్కలు బట్టకు రాసి తుడిచి, ఐదు నిమిషాలాగి పొడిబట్టతో మళ్లీ తుడవండి. ఏడాదికి రెండుసార్లు చాలు. కొబ్బరినూనె వద్దు, వంటనూనెలు అసలే వద్దు. అవి ఆరవు, జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకుంటాయి, కొత్త తీగల చుట్టల్లోకి కూడా ఎక్కుతాయి. వార్నిష్ మెరుపున్న మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు.

బ్రిడ్జి వైపు కొస

ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎంత శ్రుతి చేసినా నిలవదు. బాల్ ఎండ్ పిన్ అడుగున వేలాడకూడదు. పిన్ పక్కన, బ్రిడ్జి కింది చెక్క పలకను ఆనుకుని ఉండాలి. పిన్ తీగను పట్టి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది బాల్ ఎండ్‌ను పక్కకు నెట్టి ఉంచే మేకు మాత్రమే. బాల్ ఎండ్ పిన్ మొన కింద చిక్కుకుంటే, బిగించేకొద్దీ అది పిన్‌ను పైకి తోస్తుంది. సగం శ్రుతికి వచ్చాక పిన్ తుపాకీ గుండులా ఎగిరిపోతుంది.

ఇలా చేయండి. బాల్ ఎండ్‌కు కాస్త పైన తీగను వేలితో కొద్దిగా వంచండి. రంధ్రంలో రెండు సెంటీమీటర్ల దాకా దింపండి. పిన్‌కు ఒక పక్కన నిలువు గాడి ఉంటుంది. ఆ గాడి సౌండ్ హోల్ వైపు, అంటే మెడ వైపు తిరిగి ఉండాలి. తీగ ఆ గాడిలో పడేలా పిన్‌ను సగం దింపి, బొటనవేలితో మెల్లగా నొక్కిపట్టి, రెండో చేత్తో తీగను పైకి లాగండి. బాల్ ఎండ్ పలకకు తగిలి ఆగినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు పిన్‌ను పూర్తిగా నొక్కండి. బొటనవేలి బలం చాలు, సుత్తితో పనిలేదు. తీగ మళ్లీ గట్టిగా లాగి చూడండి. పిన్ వెంట్రుకవాసి లేచినా తీసి మొదటి నుంచి చేయండి. నమ్మకం కుదరకపోతే సౌండ్ హోల్‌లో చిన్న అద్దం, ఫోన్ లైటు పెట్టి చూస్తే బాల్ ఎండ్ ఎక్కడుందో కనిపిస్తుంది.

పెగ్ వైపు కొస

తీగ పెగ్‌కు ఏ పక్కనుంచి చుట్టుకోవాలో మొదట తేల్చుకోండి. హెడ్‌స్టాక్‌కు (పెగ్‌లు ఉండే మెడ పైభాగానికి) చెరో వైపు మూడేసి పెగ్‌లుంటే తీగలన్నీ లోపలి వైపు నుంచి, అంటే హెడ్‌స్టాక్ మధ్య గీత వైపు నుంచి పోవాలి. ఎదురుగా చూస్తే 6, 5, 4 తీగల స్తంభాలు గడియారం ముల్లుకు ఎదురు దిశలో, 3, 2, 1 తీగలవి ముల్లు దిశలో తిరుగుతాయి.

ఎంత వదులు ఉంచాలన్నదే అందరూ తడబడే చోటు. పెగ్ స్తంభం మందం ఇంచుమించు 6 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక చుట్టుకు సుమారు రెండు సెంటీమీటర్ల తీగ పడుతుంది. లావు తీగలకు రెండు నుంచి మూడు చుట్లు, 1, 2 తీగలకు మూడు నాలుగు చుట్లు సరిపోతాయి. కాబట్టి తీగను రంధ్రంలోంచి బిగుతుగా లాగేసి, లావు వాటికి మూడు వేళ్ల వెడల్పు, సన్న వాటికి నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి వదలండి. తక్కువ చుట్లుంటే తీగ జారుతుంది. పది చుట్లుంటే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి, వారాల తరబడి సర్దుకుంటూ శ్రుతి తప్పిస్తూనే ఉంటాయి.

సన్న తీగలకు చిన్న తాళం వేయడం మంచిది. రంధ్రం అవతల మిగిలిన కొసను హెడ్‌స్టాక్ మధ్య వైపు నుంచి తిప్పి, తీగ కిందుగా తెచ్చి, పైకి లేపి తీగ మీదుగా వెనక్కి మడవండి. పెగ్ తిరిగినప్పుడు తీగ తన కొస మీద తానే ఎక్కి నొక్కిపడుతుంది, ఇక జారదు. లావు తీగలకు ఇది అక్కర్లేదు, రంధ్రం దగ్గర గట్టిగా ఒక వంపు చాలు.

తిప్పుతుండగా రెండో చేత్తో తీగను నట్ దగ్గర నొక్కిపట్టి కాస్త బిగువుగా ఉంచండి. మొదటి చుట్టు కొసకు పైనుంచి పోయినా, తర్వాతి చుట్లన్నీ దాని కిందికి, హెడ్‌స్టాక్ వైపుకే దిగాలి. అలా దిగితే తీగ నట్ మీద చక్కగా వంగి కూర్చుంటుంది. పైకి ఎక్కితే నట్‌లో వదులుగా ఉండి, విడి తీగ మీటినప్పుడు తంబురాలా జుయ్‌మంటుంది.

మిగిలిన కొసను ఇప్పుడే కత్తిరించకండి. లావు తీగను వంపు పడకముందే కత్తిరిస్తే పైచుట్ట వదులై లోపలి తీగ మీద జారుతుంది. ఆ తీగ ఇక ఎప్పటికీ మొద్దుగానే మోగుతుంది, బయటికి ఏ లోపమూ కనిపించదు.

శ్రుతి చేయడం, సాగదీయడం

ఆరు తీగలనూ ముందు అసలు శ్రుతికి కాస్త కిందనే ఆపండి. ఒక్కోదాన్నీ పూర్తిగా శ్రుతి చేసుకుంటూ పోతే లాభం లేదు. తర్వాతి తీగ బిగిసేసరికి పైచెక్క, మెడ కొద్దిగా వంగి ముందువి దిగిపోతాయి. ఆరో తీగ నుంచి మొదటిదాకా రెండు మూడు వరసలు వేయాలి. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకే రావాలి. దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించండి. దించి ఆపితే గేరులో ఉన్న వదులు వల్ల తీగ కాసేపటికి ఇంకా దిగుతుంది.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టి, ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేపి వదలండి. అలా తీగ పొడవునా మూడు నాలుగు చోట్ల. శ్రుతి దిగుతుంది. మళ్లీ ఎక్కించి మళ్లీ లేపండి. మూడు నాలుగు సార్లు చేశాక దిగడం ఆగుతుంది. మొదటి తీగను మాత్రం సుతారంగా. ఇది తీగ ‘సాగడం’ అని అంటారు కానీ, ఎక్కువగా పెగ్ దగ్గర చుట్లు, బ్రిడ్జి దగ్గర మెలి బిగుసుకోవడమే. అందుకే రెండు కొసలూ సరిగా వేసిన తీగ ఒక పూటలో నిలుస్తుంది, వేయనిది వారమైనా నిలవదు.

ఇప్పుడు కొసలు కత్తిరించండి. రంధ్రం దగ్గర మూడు మిల్లీమీటర్లు వదిలి, ఆ ముల్లును ప్లయర్‌తో కిందికి వంచండి. లేకపోతే తర్వాత పెగ్ తిప్పేటప్పుడు వేలికి దిగేది అదే.

అన్నీ చేశాక కూడా జుయ్‌మంటుంటే

విడి తీగ మాత్రమే జుయ్‌మంటే నట్ వైపు చూడండి. మొదటి మూడు నాలుగు ఫ్రెట్‌లలో మోగుతుంటే మెడ నిటారుగా అయిందని. పన్నెండు సెట్టు తీసి పది వేసినప్పుడు ఇది మామూలే, లాగే బలం తగ్గి మెడ వెనక్కి పోతుంది. పదిలోంచి పన్నెండుకు వెళితే దీనికి తిరగబడి, తీగలు ఫ్రెట్‌ల నుంచి ఎత్తుగా లేచి నొక్కడానికి వేళ్లు నొస్తాయి. ఒకరోజు ఆగి చూడండి, మెడ సర్దుకోవడానికి సమయం పడుతుంది.

అప్పటికీ ఉంటే ఒకటో ఫ్రెట్‌లో కేపో పెట్టి, ఆరో తీగను 14వ ఫ్రెట్‌లో నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉండాలి, విజిటింగ్ కార్డు కంటే కాస్త పలచన. సందు అసలు లేకపోతే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) ఎడమకు, మరీ ఎక్కువుంటే కుడికి పావు తిప్పు తిప్పి, మళ్లీ కొలవండి. పావు తిప్పుకు మించి ఒకేసారి వద్దు. గట్టిగా ఉండి తిరగకపోతే బలం ఉపయోగించకండి. అది విరిగితే మెడ మార్చడం దాకా పోతుంది.

నైలాన్, ఎలక్ట్రిక్

క్లాసికల్ గిటార్‌కు స్టీలు తీగలు ఎప్పుడూ వేయకండి. నైలాన్ సెట్టు మొత్తం లాగేది సుమారు 40 కిలోలు, దానికే ఆ పైచెక్కను పలచగా చేస్తారు. స్టీలు బిగించిన కొన్ని నెలలకు బ్రిడ్జి లేచిపోయి వచ్చిన గిటార్లు రిపేరు చేసేచోట ఎప్పుడూ ఒకటి రెండు ఉంటాయి. నైలాన్ తీగకు మామూలుగా బాల్ ఉండదు. బ్రిడ్జి రంధ్రంలోంచి దూర్చి, వెనక్కి తిప్పి తీగ కిందుగా తెచ్చి, తన లూపులోనే సన్న తీగలకు రెండు మూడు మెలికలు, లావు వాటికి ఒకటి రెండు వేయాలి. ఆఖరి మెలిక బ్రిడ్జి వెనక అంచు కిందికి దిగాలి, పైన ఆగితే జారుతుంది. మొదటి తీగ జారిందంటే కొరడాలా పైచెక్కకు కొట్టి గీత పెడుతుంది, కొసకు చిన్న ముడి వేయండి. నైలాన్ నిజంగానే సాగుతుంది, నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. కచేరీకి ముందు రోజు మార్చకండి.

ఎలక్ట్రిక్‌కు నికెల్ పూత స్టీలు సెట్టు కొనండి, అకౌస్టిక్ బ్రాంజ్ సెట్టు పికప్ (తీగ కదలికను అందుకునే భాగం) అయస్కాంతానికి సరిగా పలకదు. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాలో తీగలు వెనక నుంచి దూరుతాయి. గిబ్సన్ లెస్ పాల్ తరహాలో బ్రిడ్జి, టెయిల్‌పీస్ (బాల్ ఎండ్‌లు ఆగే పట్టీ) తీగల బలంతోనే నిలుస్తాయి, ఆరూ తీస్తే ఊడి కింద పడతాయి. ఫ్లాయిడ్ రోజ్ (తీగలను మరలతో బిగించే, కదిలే బ్రిడ్జి) ఉంటే ఒక్కొక్కటే మార్చండి. బాల్ ఎండ్ కత్తిరించి, కొసను 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో బిగించాలి. లాకింగ్ ట్యూనర్లకు (తీగను మరతో పట్టే పెగ్‌లకు) చుట్లే అక్కర్లేదు, బిగుతుగా లాగి మర వేస్తే చాలు.

పాత తీగలను చుట్ట చుట్టి, కొత్తవి వచ్చిన కవర్లోనే పెట్టి టేపు వేసి పారేయండి. విడిగా చెత్తలో వేస్తే ఆ ముక్కలు వీధిలో మేసే పశువుల కడుపులోకి పోతాయి, చెత్త ఎత్తేవాళ్ల చేతులకు దిగుతాయి. ఒక పాత లావు తీగ మాత్రం దాచుకోండి, పెగ్ రంధ్రం నున్న చేయడానికి.